ఎస్‌ఎన్‌ఎంపీతో వెబ్‌మెయిల్ సర్వర్‌ను కనిపెట్టుకుని ఉండటం ఎలా

వెబ్‌మెయిల్ సర్వర్ ఉన్నట్టుండి కుప్పకూలడం అరుదు. ముందు నెమ్మదిస్తుంది. ఇన్‌బాక్స్ తెరుచుకోవడానికి రెండు సెకన్లు పట్టేది పది పడుతుంది. పంపిన మెయిల్ వెళ్లినట్టే కనిపిస్తుంది గాని క్యూలోనే ఉండిపోతుంది. ఆ దశలో ప్రాసెస్‌లన్నీ నడుస్తూనే ఉంటాయి, పింగ్‌కు జవాబు వస్తూనే ఉంటుంది. అందుకే "సర్వర్ బతికే ఉందా" అని అడిగితే సరిపోదు. పని ఎక్కడ ఆగి ఎదురుచూస్తోందో కనిపెట్టాలి: డిస్క్ దగ్గరా, మెయిల్ క్యూలోనా, ఐమ్యాప్ (మెయిల్‌బాక్సును చదివే పద్ధతి) లాగిన్ దగ్గరా, పీహెచ్‌పీ దగ్గరా. కింద చెప్పే అమరిక అంతా ఆ నాలుగు చోట్ల కోసమే. దానికి ఎస్‌ఎన్‌ఎంపీ వాడతాం: ఒక యంత్రం లోపలి అంకెలను వేరే యంత్రం నెట్‌వర్క్ మీద అడిగి తెలుసుకునే పద్ధతి అది.

మీ సర్వర్ లినక్స్ మీద ఉందని, అందులో పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ పంపి, అందుకునేది), డవ్‌కాట్ (ఐమ్యాప్ సర్వర్), ఎన్‌జిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్), పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం (పీహెచ్‌పీ కోడ్‌ను నడిపేది), రౌండ్‌క్యూబ్ (వెబ్‌మెయిల్ పేజీలు చూపేది) నడుస్తున్నాయని అనుకుంటున్నాం. నిఘా పెట్టే మెషీన్ మాత్రం వేరేది కావాలి. ఒకే పెట్టెలో రెండూ పెడితే అది పడిపోయినప్పుడు చెప్పేవాళ్లుండరు.

1. ఏజెంట్‌ను ఎక్కించి, బయటికి వినిపించేలా చేయండి

ఏజెంట్ అంటే సర్వర్‌లో ఉండి ఆ ప్రశ్నలకు జవాబిచ్చే ప్రోగ్రామ్. డెబియన్, ఉబుంటులలో దాని ప్యాకేజీ పేరు ఎస్‌ఎన్‌ఎంపీడీ. రెడ్‌హ్యాట్ కుటుంబంలో నెట్-ఎస్‌ఎన్‌ఎంపీ. కాన్ఫిగరేషన్ ఫైలు /ఈటీసీ/ఎస్‌ఎన్‌ఎంపీ ఫోల్డర్‌లో ఉంటుంది.

డెబియన్‌లో మొదటిసారి పెట్టినవాళ్లకు రెండు అడ్డంకులు తప్పనిసరిగా ఎదురవుతాయి. మొదటిది, ఏజెంట్ అడ్రస్ 127.0.0.1కి కట్టేసి ఉంటుంది, కాబట్టి బయటి నుంచి అడిగితే జవాబే రాదు. ఆ లైనులో సర్వర్ లోపలి నెట్‌వర్క్ ఐపీని కూడా చేర్చండి. రెండోది, "సిస్టమ్‌ఓన్లీ" అనే వ్యూ. వ్యూ అంటే బయటికి ఏ విలువలు చూపాలో చెప్పే జాబితా; ఒక్కో విలువకు ఓఐడీ అనే చుక్కల అంకెల చిరునామా ఉంటుంది. ఈ వ్యూ 1.3.6.1.2.1.1, 1.3.6.1.2.1.25.1 అనే రెండు కొమ్మలను మాత్రమే చూపిస్తుంది. పేరు, అప్‌టైమ్ లాంటివి వస్తాయి, డిస్క్ గాని లోడ్ గాని రావు. కొత్త వ్యూ ఒకటి రాసి అందులో 1.3.6.1.2.1 మొత్తం, 1.3.6.1.4.1.2021, 1.3.6.1.4.1.8072 కొమ్మలను చేర్చండి.

ఇక్కడ నుంచి ఓఐడీలన్నీ అంకెల్లోనే ఇస్తున్నాం. డెబియన్‌లో చాలా ప్రామాణిక మిబ్ ఫైళ్లు (ఆ అంకెలకు పేర్లు చెప్పేవి) ఏజెంట్‌తో పాటు రావు, విడిగా దించుకోవాలి. అంకెలైతే మిబ్ ఉన్నా లేకపోయినా పనిచేస్తాయి.

2. వెర్షన్ 3 యూజర్‌ను తయారు చేయండి

వెర్షన్ 2సీలో కమ్యూనిటీ పదం (పాస్‌వర్డు లాంటిది) నెట్‌వర్క్ మీద ఏ ముసుగూ లేకుండా పోతుంది. మెయిల్ సర్వర్‌కు అది తగదు. వెర్షన్ 3లో ఆత్‌ప్రివ్ స్థాయి వాడండి: గుర్తింపుకు ఎస్‌హెచ్‌ఏ, దాపరికానికి ఏఈఎస్. రెండింటికీ వేర్వేరు పాస్‌ఫ్రేజులు ఇవ్వండి. ఒక్కొక్కటి కనీసం 8 అక్షరాలు ఉండాలి, లేకపోతే ఏజెంట్ ఒప్పుకోదు.

ముందు ఏజెంట్‌ను ఆపండి. తర్వాత క్రియేట్‌యూజర్ లైనును /వార్/లిబ్ కింద ఉండే శాశ్వత ఫైలులో రాయండి, /ఈటీసీలో కాదు. ఆపకుండా రాస్తే, ఏజెంట్ ఆగేటప్పుడు ఆ ఫైలును తనే తిరగరాసి మీ లైనును తుడిచేస్తుంది. మళ్లీ మొదలెట్టాక ఆ లైను మాయమై దాని స్థానంలో అర్థంకాని హెక్స్ అంకెల లైను కనిపిస్తుంది. అది సరైన పనే. పాస్‌ఫ్రేజును ఆ మెషీన్ ఇంజిన్ ఐడీతో (ఏజెంట్‌కు ఉండే ప్రత్యేక గుర్తింపు) కలిపి తాళంగా మార్చి పెట్టుకుందన్నమాట. చివరగా /ఈటీసీలోని ఫైలులో ఆ యూజర్‌కు ఆర్‌ఓయూజర్ లైనుతో చదివే హక్కు మాత్రమే ఇవ్వండి, ప్రివ్ స్థాయిని తప్పనిసరి చేసి, మీ కొత్త వ్యూను జత చేయండి. రాసే హక్కు ఎవరికీ అక్కర్లేదు.

ఫైర్‌వాల్‌లో యూడీపీ 161ని నిఘా మెషీన్ ఐపీ ఒక్కదానికే తెరవండి. యూడీపీలో రెండు వైపులా ముందుగా కనెక్షన్ కుదుర్చుకోవడం ఉండదు గనుక, తెరిచి వదిలేసిన ఏజెంట్‌ను దొంగ ఐపీతో అడిగి, పెద్ద జవాబులను మూడోవాడి మీదికి మళ్లించే దాడులకు వాడుకుంటారు.

పరీక్షించేటప్పుడు వచ్చే సందేశమే లోపం ఎక్కడుందో చెబుతుంది. టైమౌట్ వస్తే ఫైర్‌వాల్ లేదా ఏజెంట్ అడ్రస్. యూజర్ పేరు తెలియదంటే క్రియేట్‌యూజర్ లైను పడలేదు. ఆథెంటికేషన్ విఫలమైందంటే పాస్‌ఫ్రేజు తప్పు, లేదా ఎస్‌హెచ్‌ఏ బదులు ఎండీ5 అడుగుతున్నారు. నాలుగు లైన్లు వచ్చి వాక్ (విలువలన్నిటినీ వరుసగా అడగడం) ఆగిపోతే వ్యూ ఇరుకుగా ఉంది.

3. యంత్రం అంకెలు: లోడ్, సీపీయూ, మెమరీ

లోడ్ సగటు 1.3.6.1.4.1.2021.10.1.3 కింద ఉంటుంది. చివర 1 పెడితే ఒక నిమిషానిది, 2 పెడితే 5 నిమిషాలది, 3 పెడితే 15 నిమిషాలది. ఇవి అక్షరాల రూపంలో వస్తాయి. వందతో గుణించిన పూర్ణాంకం కావాలంటే 3 బదులు 5వ కాలమ్ అడగండి.

లోడ్‌ను ఒంటరిగా చూస్తే పొరపడతారు. లినక్స్‌లో లోడ్ అంటే సీపీయూ కోసం కాచుకున్న ప్రాసెస్‌లే కాదు, డిస్క్ కోసం కదలకుండా నిలబడ్డవి కూడా. మెయిల్ సర్వర్‌లో రెండోదే ఎక్కువ. అందుకని సీపీయూ కౌంటర్లు పక్కనే ఉండాలి: యూజర్ 1.3.6.1.4.1.2021.11.50.0, సిస్టమ్ 52, ఖాళీ 53, డిస్క్ నిరీక్షణ 54. ఇవి పెరుగుతూ పోయే కౌంటర్లు, రెండు కొలతల మధ్య తేడా తీసుకుని శాతం కట్టాలి. లోడ్ 40 ఉండి, ఖాళీ, నిరీక్షణ కలిపి చాలా భాగం ఉంటే సీపీయూ కోర్లు పెంచడం దండగ. నిల్వ నెమ్మదించింది, లేదా మెయిల్‌బాక్సులున్న ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీది నిల్వ) మౌంట్ బిగుసుకుంది.

మెమరీలో అందరూ భయపడే అంకె 1.3.6.1.4.1.2021.4.6.0, అంటే ఖాళీ ర్యామ్. అది ఎప్పుడూ తక్కువే ఉంటుంది, ఎందుకంటే కెర్నెల్ మిగిలిన ర్యామ్‌ను ఫైళ్ల క్యాష్‌కు వాడుకుంటుంది. డవ్‌కాట్ ఇండెక్సులు వేగంగా చదవగలిగేది ఆ క్యాష్ వల్లే. దీని మీద హెచ్చరిక పెట్టకండి. స్వాప్‌లోకి వెళ్తున్న పేజీల కౌంటర్ 1.3.6.1.4.1.2021.11.63.0 మీద పెట్టండి. అది పది నిమిషాలు ఆగకుండా పెరుగుతోందంటే నిజంగానే ర్యామ్ చాలట్లేదు.

4. డిస్క్: చోటుతో పాటు ఐనోడ్‌లు కూడా

కాన్ఫిగరేషన్‌లో ఒక్కో పార్టిషన్‌కు ఒక్కో డిస్క్ లైను రాయండి: మెయిల్‌బాక్సులది, /వార్/స్పూల్ (మెయిల్ క్యూ ఉండే చోటు) ఉన్నది, లాగ్‌లది, రౌండ్‌క్యూబ్ డేటాబేస్‌ది. అన్నిటినీ ఒకేసారి చేర్చే ఆదేశం ఒకటుంది గాని, దాన్ని వాడకపోవడమే మంచిది. అది ఎన్‌ఎఫ్‌ఎస్ మౌంట్లను కూడా పట్టుకుంటుంది, అవతలి సర్వర్ పలకకపోతే ఏజెంట్ అక్కడే ఇరుక్కుంటుంది.

వాడిన చోటు శాతం 1.3.6.1.4.1.2021.9.1.9 కాలమ్‌లో, వాడిన ఐనోడ్‌ల శాతం 9.1.10 కాలమ్‌లో వస్తాయి. రెండోదాన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ, మెయిల్‌డిర్ వాడేచోట దెబ్బ తగిలేదీ అక్కడే. మెయిల్‌డిర్‌లో ఒక్కో మెయిల్ ఒక్కో ఫైలు, ఒక్కో ఫైలుకు ఒక ఐనోడ్ (ఫైలు వివరాలుండే నమోదు) ఖర్చవుతుంది. ఈఎక్స్‌టీ4 మామూలుగా ప్రతి 16 కేబీకి ఒక ఐనోడ్ చొప్పున ఫార్మాట్ చేసేటప్పుడే కేటాయిస్తుంది. 100 జీబీ పార్టిషన్‌కు ఇవి సుమారు 65 లక్షలు. సగటు మెయిల్ 16 కేబీ కన్నా చిన్నదైతే చోటు మిగిలుండగానే ఐనోడ్‌లు అయిపోతాయి. అప్పుడు "డిస్క్‌లో చోటు లేదు" అని లాగ్‌లో పడుతుంది, మీరు చూస్తే బోలెడంత ఖాళీ కనిపిస్తుంది. ఆ పార్టిషన్‌ను మళ్లీ ఫార్మాట్ చేయకుండా ఈ నిష్పత్తిని మార్చడం కుదరదు. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో ఐనోడ్‌లు అవసరాన్ని బట్టి పుడతాయి గనుక ఈ బెడద తక్కువ.

స్పూల్ పార్టిషన్‌కు శాతం కన్నా బైట్లలో హద్దు పెట్టుకోండి. ఖాళీ చోటు ఒక మెయిల్ గరిష్ఠ పరిమాణానికి ఒకటిన్నర రెట్లు లేకపోతే పోస్ట్‌ఫిక్స్ బయటి నుంచి వచ్చే మెయిల్‌ను 452 కోడ్‌తో తిప్పి పంపుతుంది. ఆ గరిష్ఠం మామూలుగా 1,02,40,000 బైట్లు. పంపిన సర్వర్లు తర్వాత మళ్లీ ప్రయత్నిస్తాయి కాబట్టి ఎవరికీ వెంటనే తెలియదు. కొత్త మెయిళ్లు రావడం మాత్రం నిశ్శబ్దంగా ఆగిపోతుంది.

5. ప్రాసెస్‌లు

నడుస్తూ ఉండాల్సిన ప్రాసెస్‌ల పేర్లను కాన్ఫిగరేషన్‌లో ప్రాక్ లైనుతో ఇవ్వండి. పోస్ట్‌ఫిక్స్ ప్రధాన ప్రాసెస్ పేరు మాస్టర్ అని గుర్తుంచుకోండి. ప్రాక్ లైనులో పేరు తర్వాత ముందు గరిష్ఠం, ఆ తర్వాత కనిష్ఠం రాయాలి. ఏదీ రాయకపోతే కనీసం ఒకటి ఉండాలని అర్థం. గరిష్ఠం ఒక్కటే రాస్తే కనిష్ఠం సున్నా అయిపోతుంది, ప్రాసెస్ పూర్తిగా చచ్చిపోయినా హెచ్చరిక రాదు. రెండూ రాయండి, లేదా రెండూ వదిలేయండి. లెక్క 1.3.6.1.4.1.2021.2.1.5లో, లోపం గుర్తు 2.1.100లో ఉంటాయి.

6. మెయిల్ క్యూ: అసలు నాడి ఇక్కడే

పోస్ట్‌ఫిక్స్‌కు తనదైన ఎస్‌ఎన్‌ఎంపీ లేదు. మెయిల్ సర్వర్ల కోసం ఆర్‌ఎఫ్‌సీ 2789లో ఒక మిబ్ ఉన్నా పోస్ట్‌ఫిక్స్ దాన్ని నింపదు. కాబట్టి నెట్-ఎస్‌ఎన్‌ఎంపీలోని ఎక్స్‌టెండ్ సదుపాయం వాడాలి. ఒక పేరు, దాని పక్కన ఒక కమాండ్ రాస్తే ఆ కమాండ్ ముద్రించింది ఓఐడీ ద్వారా దొరుకుతుంది.

చాలామంది ఎక్స్‌టెండ్‌లో నేరుగా క్యూను లెక్కించే కమాండ్ పెడతారు. మామూలు రోజుల్లో అది చక్కగా పనిచేస్తుంది. క్యూలో యాభై వేల మెయిళ్లు పేరుకున్న రోజున, అంటే మీకు ఆ అంకె నిజంగా కావలసిన రోజున, లెక్కించడానికే ఎన్నో సెకన్లు పడుతుంది. నెట్-ఎస్‌ఎన్‌ఎంపీ ఏజెంట్ ఒక సమయంలో ఒక్క ప్రశ్నకే జవాబిస్తుంది. అడిగే పక్క మామూలుగా ఒక్క సెకను ఆగి మళ్లీ అడుగుతుంది. కమాండ్ తెమిలేదాకా లోడ్, డిస్క్, ప్రాసెస్‌ల ప్రశ్నలన్నీ వెనక నిలబడతాయి. చివరికి మొత్తం సర్వర్ పోయినట్టు గ్రాఫులన్నీ ఖాళీ అవుతాయి.

అందుకే లెక్కింపు ఒకచోట, జవాబు ఇంకోచోట ఉండాలి. ఇలా చేయండి:

రూట్ క్రాన్‌లో (వేళకు పనులు నడిపే సదుపాయం) నిమిషానికోసారి నడిచే చిన్న స్క్రిప్టు రాయండి. అది /వార్/స్పూల్/పోస్ట్‌ఫిక్స్ కింద ఉన్న ఇన్‌కమింగ్, యాక్టివ్, డిఫర్డ్, హోల్డ్, మెయిల్‌డ్రాప్ ఫోల్డర్లలో ఫైళ్లను ఫైండ్‌తో లెక్కించాలి. పోస్ట్‌ఫిక్స్ వీటిలో కొన్నింటిని ఉప ఫోల్డర్లుగా విడగొడుతుంది కాబట్టి పైపొరను మాత్రమే లెక్కిస్తే సున్నా వస్తుంది.

అంకెలను /రన్ కింద ఒక ఫోల్డర్‌లో రాయండి. /రన్ ర్యామ్‌లో ఉంటుంది, డిస్క్ నిండిపోయినా అక్కడ రాయడం ఆగదు. ముందు తాత్కాలిక పేరుతో రాసి తర్వాత పేరు మార్చండి, లేకపోతే సగం రాసిన ఫైలును ఏజెంట్ చదివే వీలుంది. రీబూట్‌తో /రన్ ఖాళీ అవుతుంది గనుక ఫోల్డర్ లేకపోతే తయారుచేసే లైను స్క్రిప్టులోనే ఉండాలి.

ఎక్స్‌టెండ్ లైనులో ఆ ఫైలును చదివి చూపించే చిన్న స్క్రిప్టునే పెట్టండి. ఫైలు వయసు 180 సెకన్లు దాటితే అది అంకెకు బదులు -1 ముద్రించాలి. ఈ జాగ్రత్త లేకపోతే క్రాన్ ఆగిపోయిన రోజు నుంచి పాత అంకెనే చూస్తూ అంతా బాగుందనుకుంటారు. డెబియన్‌లో ఏజెంట్ రూట్‌గా నడవదు, కాబట్టి ఫైళ్లకు అందరూ చదివే అనుమతి ఇవ్వండి. రెడ్‌హ్యాట్‌లో అనుమతులన్నీ సరిగ్గా ఉన్నా ఖాళీ జవాబు వస్తే ఎస్‌ఈలినక్స్ ఆడిట్ లాగ్ చూడండి.

జవాబు మొదటి లైను 1.3.6.1.4.1.8072.1.3.2.3.1.1 కింద దొరుకుతుంది. దాని తర్వాత మీరు పెట్టిన పేరు పొడవు, ఆపై ఒక్కో అక్షరం ఆస్కీ కోడ్ రావాలి. ఎం, ఏ, ఐ, ఎల్, క్యూ అనే అయిదు చిన్న ఇంగ్లిష్ అక్షరాల పేరైతే చివర 5.109.97.105.108.113 చేరుతుంది. పేర్లు పొట్టిగా పెట్టుకోమనేది ఇందుకే. వచ్చే విలువ అక్షరాల రకం, నిఘా సాఫ్ట్‌వేర్‌లో దాన్ని సంఖ్యగా మార్చుకోమని చెప్పాలి. పూర్ణాంకంగా వచ్చే 3.1.4 కాలమ్ కూడా కనిపిస్తుంది గాని అది కమాండ్ ముగింపు కోడ్ మాత్రమే, 255 దాటదు. క్యూ పొడవుకు దాన్ని వాడకండి.

ఇక ఆ అంకెలు చదవడం. డిఫర్డ్ (వాయిదా పడ్డవి) పెరుగుతుంటే బయటి సర్వర్లు తీసుకోవట్లేదు: డీఎన్‌ఎస్ పలకట్లేదు, మీ ఐపీ బ్లాక్‌లిస్టుకెక్కింది, లేదా ఎవరిదో పాస్‌వర్డ్ దొంగిలించి వెబ్‌మెయిల్ ద్వారా స్పామ్ పంపుతున్నారు. మూడోదైతే క్యూలో ఒకే పంపినవారి చిరునామా వరుసగా కనిపిస్తుంది. ముందు ఆ ఖాతాను ఆపి, తర్వాత క్యూను శుభ్రం చేయండి. వరుస తిరగబడితే తీసేసినంత మళ్లీ చేరుతుంది. యాక్టివ్ (ఇప్పుడు పంపిణీలో ఉన్నవి) ఒక్కటే ఉబ్బుతుంటే లోపం మీ ఇంట్లోనే ఉంది: స్పామ్ వడపోత, లేదా డవ్‌కాట్‌కు అందించే దారి. యాక్టివ్ గరిష్ఠం మామూలుగా 20,000. అది నిండాక ఇన్‌కమింగ్ పెరగడం మొదలవుతుంది. మెయిల్‌డ్రాప్ పెరిగితే పికప్ సర్వీసు పనిచేయట్లేదు.

హద్దు ఎంత పెట్టాలన్నదానికి అందరికీ సరిపోయే అంకె లేదు. రెండు వారాలు ఊరికే నమోదు చేయండి. వారంలో ఏ రోజు, ఏ గంటకు ఎంత ఉంటుందో తెలిశాక, మామూలు గరిష్ఠానికి రెండు మూడు రెట్లు 15 నిమిషాలు నిలిస్తే హెచ్చరించమనండి. డిఫర్డ్‌లోని మెయిళ్లు మామూలుగా 5 రోజుల వరకు ప్రయత్నాల్లో ఉంటాయి కాబట్టి అది సున్నా కావాలని పట్టుబట్టకండి. యాక్టివ్‌లో అన్నిటికన్నా పాత మెయిల్ వయసును కూడా అదే స్క్రిప్టుతో తీస్తే, పొడవు కన్నా అదే ముందుగా మాట్లాడుతుంది.

7. లాగిన్ వేగం, పీహెచ్‌పీ రద్దీ

రౌండ్‌క్యూబ్‌లో మీరు నొక్కే ప్రతి నొక్కూ ఐమ్యాప్‌కు కొత్త కనెక్షన్, కొత్త లాగిన్. పీహెచ్‌పీ ఒక అభ్యర్థనకూ మరో అభ్యర్థనకూ మధ్య కనెక్షన్‌ను పట్టుకుని ఉండదు. అందువల్ల పాస్‌వర్డులు సరిచూసే డేటాబేస్ గాని ఎల్‌డాప్ (యూజర్ల డైరెక్టరీ) గాని అర సెకను నెమ్మదిస్తే వెబ్‌మెయిల్‌లో ప్రతి పనీ అర సెకను నెమ్మదిస్తుంది.

ఒక పరీక్ష ఖాతా తెరిచి, 993 పోర్టు మీద లాగిన్ అయి, ఇన్‌బాక్స్ తెరిచి, బయటికొచ్చే స్క్రిప్టును రెండు నిమిషాలకోసారి నడపండి. పట్టిన మిల్లీసెకన్లను పైన చెప్పినట్టే /రన్‌లో రాసి ఎక్స్‌టెండ్‌తో చూపించండి. 10 సెకన్లలో తేలకపోతే ఆపేసి -1 రాయమనండి. పాస్‌వర్డు ఉన్న ఫైలును రూట్ తప్ప ఎవరూ చదవకూడదు. ఇన్ని అంకెల్లో ఒక్కటే ఉంచుకోమంటే ఈ లాగిన్ సమయాన్నే ఉంచుకోండి. యూజర్ అనుభవానికి దగ్గరగా ఉన్నది అదే.

దాని పక్కనే డవ్‌అడ్మిన్ హూ కమాండ్‌తో ఇప్పుడున్న కనెక్షన్ల లెక్క రాయండి. డవ్‌కాట్ ఒక యూజర్‌కు ఒకే ఐపీ నుంచి మామూలుగా 10 ఐమ్యాప్ కనెక్షన్లే ఇస్తుంది. వెబ్‌మెయిల్ వాడేవాళ్లందరూ వెబ్ సర్వర్ ఐపీ నుంచే వచ్చినట్టు కనిపించినా లెక్క యూజర్ వారీగానే కాబట్టి సాధారణంగా సరిపోతుంది. కాని పంచుకునే ఉమ్మడి ఖాతాలు ఉన్నచోట ఒకే సమయంలో వచ్చే పదకొండో కనెక్షన్‌కు లాగిన్ దొరకదు. ఫిర్యాదు "పాస్‌వర్డు పనిచేయట్లేదు" అని వస్తుంది.

పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం స్టేటస్ పేజీని లూప్‌బ్యాక్‌కు (అంటే ఆ మెషీన్‌కే) మాత్రమే తెరిచి, అందులో లిజన్ క్యూ, మ్యాక్స్ చిల్డ్రన్ రీచ్డ్ అనే రెండు అంకెలు తీసుకోండి. లిజన్ క్యూ సున్నా దాటి నిలబడితే పేజీలు వరుసలో కాచుకుంటున్నాయి. అప్పుడు చిల్డ్రన్ (పీహెచ్‌పీ ప్రాసెస్‌ల) సంఖ్య పెంచే ముందు లాగిన్ సమయం చూడండి. ఐమ్యాప్ నెమ్మదించి పీహెచ్‌పీ ప్రాసెస్‌లు దాని కోసం ఆగి ఉంటే, సంఖ్య పెంచడం వల్ల డవ్‌కాట్ మీద ఇంకా భారం పడుతుంది.

8. సర్టిఫికెట్

ఫైలు తేదీ కాదు, పోర్టు మీద నిజంగా చూపిస్తున్న సర్టిఫికెట్ తేదీ చూడండి: 443, 993, 587 మూడింటి మీదా. ఫైలు కొత్తదయినా సర్వీసును రీలోడ్ చేయకపోతే పాతదే చూపిస్తుంటుంది. మిగిలిన రోజులను రోజుకోసారి రాస్తే చాలు. 90 రోజుల సర్టిఫికెట్లను 30 రోజులు మిగిలుండగా కొత్తవి చేసుకునే అమరిక మీదైతే, 21కి పడిందంటే ఆ అమరిక తప్పింది.

9. ఎంతసేపటికోసారి అడగాలి, ఎటు చెప్పాలి

క్యూ, లాగిన్, పీహెచ్‌పీ అంకెలను నిమిషానికి, డిస్క్‌ను 5 నిమిషాలకు అడగండి. నెట్‌వర్క్ ట్రాఫిక్‌కు 64 బిట్ కౌంటర్లు వాడండి: 1.3.6.1.2.1.31.1.1.1.6 లోపలికి, 10 బయటికి. పాత 32 బిట్ కౌంటర్ ఒక గిగాబిట్ వేగంలో 34 సెకన్లకే చుట్టు తిరిగి సున్నాకు వస్తుంది. రీబూట్ తెలియాలంటే 1.3.6.1.2.1.25.1.1.0 చూడండి. 1.3.6.1.2.1.1.3.0 ఏజెంట్ మొదలై ఎంతసేపయిందో చెబుతుంది, యంత్రం సంగతి కాదు.

హెచ్చరికలను ఇదే మెయిల్ సర్వర్ ద్వారా పంపకండి. క్యూ బిగుసుకున్నప్పుడు "క్యూ బిగుసుకుంది" అనే మెయిల్ కూడా ఆ క్యూలోనే పడుతుంది. ఎస్‌ఎంఎస్, చాట్ సందేశం, వేరే డొమైన్‌లోని మెయిల్, ఏదైనా సరే, దారి వేరుగా ఉండాలి.

10. కావాలని చెడగొట్టి చూడండి

వాడకం తక్కువున్న వేళ చూసుకుని ఒక్కొక్కటీ పరీక్షించండి. పోస్ట్‌ఫిక్స్‌లోని డిఫర్ ట్రాన్స్‌పోర్ట్స్ సెట్టింగులో ఎస్‌ఎంటీపీ పెట్టి పరీక్ష మెయిళ్లు పంపితే డిఫర్డ్ పెరగాలి, హెచ్చరిక రావాలి. తర్వాత ఆ సెట్టింగు తీసేసి క్యూను ఫ్లష్ చేయడం మరవకండి. క్రాన్ ఆపి చూడండి, మూడు నిమిషాల్లో -1 రావాలి. డవ్‌కాట్ ఆపి చూడండి, ప్రాసెస్ హెచ్చరిక, లాగిన్ హెచ్చరిక రెండూ రావాలి. ఒకటే వస్తే రెండోదాని అమరిక తప్పు.

ఈ పరీక్షను పెద్ద అప్‌గ్రేడ్ల తర్వాత మళ్లీ చేయాలి. డెబియన్‌లో పీహెచ్‌పీ వెర్షన్ మారితే ఎఫ్‌పీఎం ప్రాసెస్ పేరు కూడా మారుతుంది, ప్రాక్ లైను పాత పేరునే వెతుకుతూ ఉంటుంది. సర్వర్‌ను వర్చువల్ మెషీన్‌గా క్లోన్ చేస్తే ఇంజిన్ ఐడీ కూడా నకలవుతుంది, అప్పుడు రెండు యంత్రాలనూ వెర్షన్ 3తో అడిగితే ఒకటి పలికినప్పుడు ఇంకొకటి టైమౌట్ అవుతూ ఉంటుంది. క్లోన్‌లో ఏజెంట్ ఆపి, /వార్/లిబ్ కింది శాశ్వత ఫైలు తీసేసి, యూజర్‌ను కొత్తగా తయారు చేయండి.